మందు వల్ల ముప్పుందని కంపెనీ చెప్పకపోతే చట్టం ఏమంటుంది? పరిహారం ఎలా అడగాలి?

తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడి జవాబులు ప్రధానంగా భారత చట్టాల గురించి. అమెరికా, బ్రిటన్‌లలో ఉన్న తెలుగువారు ఎక్కువగా అడిగే సంగతులు చివర్లో ఉన్నాయి. ఒంట్లో ఇంకా బాధ ఉంటే ఇవి చదవడం పక్కన పెట్టి ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి. అక్కడ రాయించుకునే కాగితాలే తర్వాత కేసుకు పునాది అవుతాయి.

మందు వేసుకున్నాక దుష్ప్రభావం వచ్చింది. అంతమాత్రాన కంపెనీ పరిహారం ఇవ్వాల్సిందేనా?

అక్కర్లేదు. దుష్ప్రభావం లేని మందు ఉండదు. చట్టం అడిగేవి మూడే ప్రశ్నలు. ఆ ముప్పు కంపెనీకి తెలుసా, లేదా తెలిసి ఉండాల్సిందా? తెలిస్తే చెప్పిందా? చెబితే ఎవరికి, ఎంత స్పష్టంగా చెప్పింది?

షుగర్ మందు మెట్‌ఫార్మిన్‌తో కడుపు ఉబ్బరం, విరేచనాలు వస్తాయని పెట్టెలోని కాగితంలోనే ఉంటుంది. దాని మీద కేసు నిలబడదు. అదే కంపెనీ దగ్గర గుండెపోట్లు పెరుగుతున్నట్టు పరీక్షల సమాచారం ఉండి, కాగితంలో ఆ మాటే లేకపోతే అది వేరే సంగతి. ఈ పేజీ దాని గురించే.

మూడో రకం కూడా ఉంది. మందులోనే కల్తీ లేదా తయారీ లోపం. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పిల్లల ప్రాణాలు తీసిన దగ్గు సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం దొరికింది. దాన్ని దుష్ప్రభావం అనకూడదు, నేరం అనాలి. దాని రుజువులు, సెక్షన్లు, శిక్షలు అన్నీ వేరు. ఫిర్యాదులో ఈ రెంటినీ కలిపేస్తే కేసు మొదట్లోనే దెబ్బతింటుంది.

"దాచిపెట్టడం" అంటే ఫైళ్లు బీరువాలో పెట్టి తాళం వేయడమేనా?

అలా జరిగేది తక్కువ. ఆలస్యంగా చెప్పడం, పలుచన చేసి చెప్పడం, ఒక దేశంలో చెప్పి ఇంకో దేశంలో మానేయడం, ఎక్కువగా జరిగేవి ఇవి.

రోఫెకాక్సిబ్ సంగతి చూడండి. మెర్క్ కంపెనీ వయాక్స్ పేరుతో అమ్మిన కీళ్లనొప్పుల మందు ఇది. 2000లో వచ్చిన విగర్ అనే పెద్ద అధ్యయనంలో, పాత మందు నాప్రాక్సెన్ వాడినవారికంటే దీన్ని వాడినవారిలో గుండెపోట్లు ఎక్కువ కనిపించాయి. కంపెనీ మాత్రం, తమ మందు గుండెకు చెడు చేయలేదని, నాప్రాక్సెనే గుండెను కాపాడి ఉంటుందని వాదించింది. అచ్చయిన వ్యాసంలో మూడు గుండెపోట్ల లెక్కే లేదని తర్వాత బయటపడింది. వ్యాసాన్ని వేసిన పత్రికే 2005 డిసెంబరులో దానిపై బహిరంగంగా ఆందోళన తెలిపింది. ఈలోగా మందు కోట్లమందికి చేరింది. 2004 సెప్టెంబరు 30న కంపెనీ దాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. ఆ డిసెంబరులో భారత్ నిషేధించింది. అమెరికాలో వేలాది కేసుల పరిష్కారానికి 2007లో 485 కోట్ల డాలర్లు కట్టేందుకు కంపెనీ ఒప్పుకుంది.

షుగర్ మందు రోసిగ్లిటాజోన్‌ది ఇంకా సూటి వ్యవహారం. భద్రతకు సంబంధించిన సమాచారాన్ని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు ఇవ్వలేదన్న ఆరోపణతో సహా పలు నేరాభియోగాలను గ్లాక్సోస్మిత్‌క్లైన్ 2012లో అంగీకరించింది. మొత్తం పరిష్కారం 300 కోట్ల డాలర్లు. భారత్ ఆ మందును 2010లోనే నిషేధించింది.

మన దేశంలో ఏ చట్టం కింద పరిహారం అడగాలి?

వినియోగదారుల రక్షణ చట్టం, 2019. 2020 జులై నుంచి అమల్లో ఉంది. ఇందులోని 6వ అధ్యాయం, 82 నుంచి 87 వరకు ఉన్న సెక్షన్లు, వస్తువు వల్ల కలిగే హానికి ఎవరు బాధ్యులో చెబుతాయి. తయారీదారు బాధ్యత 84వ సెక్షన్‌లో ఉంది. తయారీ లోపం, డిజైన్ లోపం, నిర్దేశిత ప్రమాణాలు తప్పడం, ఇచ్చిన హామీకి తగ్గట్టు లేకపోవడం, హాని జరగకుండా ఎలా వాడాలో సరైన సూచనలు గానీ తప్పుగా వాడితే వచ్చే ముప్పు గురించి హెచ్చరిక గానీ ఇవ్వకపోవడం అనే అయిదు కారణాలు అక్కడ ఉన్నాయి. మీకు పనికొచ్చేది చివరిది. ఫిర్యాదులో దీన్ని పేరుపెట్టి రాయాలి. "మందు మంచిది కాదు" అని రాసి వదిలేస్తే, "అయిదింటిలో ఏది?" అన్నదే అవతలి లాయరు మొదటి ప్రశ్న అవుతుంది.

హాని అంటే ఒంటికి తగిలే గాయం, జబ్బు, మరణం మాత్రమే కాదు. వాటితోపాటు వచ్చే మానసిక వేదన కూడా ఆ మాట కిందికే వస్తుంది. మనిషి చనిపోతే చట్టబద్ధ వారసులు ఫిర్యాదు వేయొచ్చు.

"డాక్టరుకు చెప్పాం, మీకు చెప్పాల్సిన పని లేదు" అని కంపెనీ అంటే?

కంపెనీలు మొదట ఎత్తేది ఈ మాటే. దీనికి చట్టంలో చోటుంది కూడా. నిపుణుల పర్యవేక్షణలో మాత్రమే వాడాల్సిన వస్తువు అయి, ఆ నిపుణులకు హెచ్చరిక చేరేలా తయారీదారు తగిన ప్రయత్నం చేసి ఉంటే, హెచ్చరించలేదన్న కారణంతో అతన్ని బాధ్యుణ్ని చేయలేమని 87వ సెక్షన్ చెబుతుంది. డాక్టరు చీటీ మీద అమ్మాల్సిన మందులన్నీ దీని పరిధిలోకి వస్తాయి.

అయినా దీన్ని దాటే దార్లున్నాయి. డాక్టర్ల కోసం ఇచ్చిన కాగితంలో కూడా ఆ ముప్పు లేకపోతే ఈ రక్షణ పనిచేయదు, ఎందుకంటే చెప్పాల్సిన నిపుణుడికే చెప్పలేదు. కాగితంలో చిన్నక్షరాల్లో ఉండి, కంపెనీ ప్రతినిధి మాత్రం డాక్టరు ముందు "చాలా సేఫ్ సార్" అని చెప్పి వెళ్లి ఉంటే, "తగిన ప్రయత్నం" అన్నదాన్ని ప్రశ్నించవచ్చు. 2024 మార్చిలో కేంద్రం తెచ్చిన మందుల మార్కెటింగ్ నియమావళి ప్రకారం, వివరణ లేకుండా ఏ మందునూ "సురక్షితం" అనకూడదు. దుష్ప్రభావాలే లేవని తేల్చి చెప్పకూడదు. డాక్టరు టేబుల్ మీద వదిలిన రంగురంగుల కరపత్రంలో అలాంటి మాట ఉంటే దాని ఫొటో చాలా విలువైనది. చీటీ అక్కర్లేని మందులకైతే ఈ రక్షణే వర్తించదు.

వీటన్నిటికంటే బలమైనది మీ డాక్టరు ఇచ్చే అఫిడవిట్. "ఈ ముప్పు నాకు తెలియజేసి ఉంటే ఈ రోగికి ఈ మందు రాసేవాణ్ని కాదు" అన్న ఒక్క వాక్యం ఉన్నా కేసు మారుతుంది. చాలామంది డాక్టరును మొదటి రోజే ప్రతివాదిని చేసి, ఆ సాక్ష్యాన్ని చేజేతులా పోగొట్టుకుంటారు.

అయితే డాక్టరు మీద కేసు వేయకూడదా?

డాక్టరు తప్పు ఉంటే వేయాలి. తేల్చుకోవాల్సింది ఒక్కటే. ముప్పు కాగితంలో ఉందా, లేదా? ఉండి, డాక్టరు పట్టించుకోకపోతే అది వైద్య నిర్లక్ష్యం. లేకపోతే కంపెనీ బాధ్యత.

మొదటిదానికి పెద్ద ఉదాహరణ కునాల్ సాహా కేసు. 1998లో ఆయన భార్యకు కోల్‌కతాలో డెపోమెడ్రాల్ అనే దీర్ఘకాలం పనిచేసే స్టెరాయిడ్‌ను రోజుకు రెండుసార్లు 80 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చారు. కంపెనీ సూచనల్లో అలాంటి మోతాదు లేదు. చర్మం ఒలిచినట్టు ఊడిపోయే టాక్సిక్ ఎపిడెర్మల్ నెక్రోలైసిస్‌తో ఆమె మరణించారు. 2013 అక్టోబరులో సుప్రీంకోర్టు దాదాపు 6 కోట్ల రూపాయల పరిహారం, దానిపై వడ్డీ ఇప్పించింది. బాధ్యులు ఆసుపత్రి, డాక్టర్లు. కంపెనీ కాదు.

స్ట్రిప్ మీద రెండు కంపెనీల పేర్లున్నాయి. ఎవరి మీద వేయాలి?

ఇద్దరి మీదా. "తయారీ ఫలానా, మార్కెటింగ్ ఫలానా" అని రెండు పేర్లు ఉండటం మన దగ్గర మామూలే. వేరేవాళ్లు చేసిన సరుకు మీద తన ముద్ర వేసుకున్నవాణ్ని కూడా వినియోగదారుల చట్టం తయారీదారుగానే లెక్కిస్తుంది. 2021 మార్చి నుంచి మందుల నియమాల్లో కూడా మార్కెటింగ్ చేసే కంపెనీకి నాణ్యత విషయంలో, ఇతర నిబంధనల విషయంలో తయారీదారుతో సమాన బాధ్యత పెట్టారు. ఒక్కరినే ప్రతివాదిగా పెడితే వాళ్లు రెండోవాళ్ల వైపు వేలు చూపిస్తారు, ఏడాది గడిచిపోతుంది.

మందుల షాపును చేర్చాలా అన్నది పరిస్థితిని బట్టి. కంపెనీ ఇచ్చిన హెచ్చరికను షాపువాడు అందించకపోతే, లేదా తయారీదారు ఎవరో తేలకపోతే 86వ సెక్షన్ కింద షాపుకూ బాధ్యత వస్తుంది. మందు ఎవరి దగ్గర కొన్నాడో షాపువాడు డ్రగ్ ఇన్‌స్పెక్టర్ అడిగితే చెప్పి తీరాలి. మందుల చట్టం (1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ యాక్ట్)లోని 18-ఏ సెక్షన్ అదే అంటుంది.

ఏ రుజువులు దాచుకోవాలి?

అన్నిటికంటే ముందు స్ట్రిప్. నాలుగు మాత్రలు అడిగితే షాపువాడు కత్తెరతో కత్తిరించి ఇస్తాడు. బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్న అంచు అతని దగ్గరే ఉండిపోతుంది. మీ దగ్గర మిగిలేది పేరు సగం తెగిన వెండి రేకు. దాంతో ఏ బ్యాచో, ఒక్కోసారి ఏ కంపెనీయో కూడా నిరూపించలేం. దీర్ఘకాలం వాడే మందుల్ని పూర్తి స్ట్రిప్‌గానే కొనండి. బ్యాచ్ నంబరు వేసిన బిల్లు అడిగి తీసుకోండి. మాత్రల్ని చివరి వైపు నుంచి వాడుతూ, బ్యాచ్ నంబరు ఉన్న ముక్కను ఆఖరి మాత్ర దాకా ఉంచండి. 2023 ఆగస్టు నుంచి ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. స్కాన్ చేస్తే తయారీదారు చిరునామా, బ్యాచ్, తయారీ తేదీ, లైసెన్సు నంబరు వస్తాయి. ఆ తెరను ఫొటో తీసి పెట్టుకోండి.

తర్వాత పెట్టెలోని కాగితం. మీరు మందు వాడిన రోజుల్లో అందులో ఏముందన్నదే వివాదం. ఆరు నెలలకు కంపెనీ కొత్త కాగితం అచ్చేస్తే, పాతది మీ దగ్గర లేకపోతే, "మేం ఎప్పుడో రాశాం" అంటారు. మన దగ్గర ప్రతి మాత్రల స్ట్రిప్‌తోనూ కాగితం ఇవ్వరు. పది స్ట్రిప్‌ల పెట్టెలో ఒకటి ఉంటుంది, అది షాపులోనే చెత్తబుట్టలోకి పోతుంది. అడిగి తీసుకోండి.

మిగిలిన మాత్రలు పారేయకండి. స్ట్రిప్‌తో సహా కవరులో పెట్టి, మీద తేదీ రాసి, చల్లగా పొడిగా ఉన్న చోట ఉంచండి. ఇన్సులిన్ లాంటివైతే ఫ్రిజ్‌లో. ఫిర్యాదు చేయగానే కంపెనీ మనిషి వచ్చి "పరీక్షకు పంపిస్తాం, ఇవ్వండి" అంటాడు. ఉన్నవన్నీ ఇచ్చేయకండి. ఇచ్చినవాటికి బ్యాచ్ నంబరు, ఎన్ని మాత్రలో రాసిన రసీదు తీసుకోండి.

చీటీ, డిశ్చార్జి సమ్మరీ, కేస్ షీట్, రక్త పరీక్షలు కావాలి. మందు మొదలుపెట్టక ముందు చేయించుకున్న పాత పరీక్షలు మరీ ముఖ్యం. అప్పటికి లివర్, కిడ్నీ బాగానే ఉన్నాయని చూపించేవి అవే. రోగి అడిగిన 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనలు చెబుతున్నాయి. రికార్డుల్ని మూడేళ్లు భద్రపరచాలి. రాతపూర్వకంగా అడగండి.

మందును ల్యాబ్‌లో పరీక్ష చేయించాలా?

నాణ్యత మీద అనుమానం ఉంటేనే. మందుల చట్టం 26వ సెక్షన్ ప్రకారం కొన్నవారెవరైనా ఫీజు కట్టి ప్రభుత్వ అనలిస్టుతో పరీక్ష చేయించుకోవచ్చు. దరఖాస్తు 14-ఏ ఫారంలో ఇవ్వాలి, రిపోర్టు 14-బీలో వస్తుంది. తెలంగాణలో ఔషధ నియంత్రణ శాఖ టోల్‌ఫ్రీ నంబరు 1800-599-6969.

ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ల్యాబ్ చూసేది మాత్రలో ఉండాల్సిన మందు ఉండాల్సినంత ఉందా, కల్తీ ఉందా అని. ముప్పును కంపెనీ చెప్పిందా లేదా అన్నది ల్యాబ్ తేల్చలేదు. "ప్రామాణికం" అని రిపోర్టు వచ్చిందని కేసు వదిలేసుకున్నవాళ్లున్నారు. దాచిపెట్టారన్న కేసులో మందు ప్రామాణికంగానే ఉంటుంది. ఆ రిపోర్టుతో మీ కేసు పోదు.

దుష్ప్రభావాన్ని ఎవరికి రిపోర్టు చేయాలి? అందువల్ల నాకేంటి లాభం?

భారత ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి, అంటే మందుల దుష్ప్రభావాల మీద నిఘా పెట్టే ప్రభుత్వ కార్యక్రమానికి. 2010లో మొదలైంది. 2011 నుంచి ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడుపుతోంది. టోల్‌ఫ్రీ 1800-180-3024, పనిదినాల్లో పనిచేస్తుంది. రోగులు స్వయంగా నింపే ఫారం తెలుగులో కూడా ఉంది. మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో చాలాచోట్ల ఫార్మకాలజీ విభాగంలో దీని కేంద్రం ఉంటుంది. అక్కడ ఇచ్చినా చాలు.

పేరు బదులు పొడి అక్షరాలు, వయసు, ఏం జరిగింది, ఏ తేదీన మొదలైంది, ఏ మందు, ఎవరు రిపోర్టు చేస్తున్నారు అనేవి తప్పకుండా ఉండాలి. బ్యాచ్ నంబరు, మోతాదు, మొదలుపెట్టిన తేదీ, ఆపిన తేదీ, అప్పట్లో వాడుతున్న మిగతా మందులు, నాటుమందులతో సహా, రాస్తే రిపోర్టుకు బరువు వస్తుంది.

రిపోర్టు ఇచ్చినంత మాత్రాన కంపెనీ తప్పు రుజువైనట్టు కాదు. ఆ ముక్క ఫారం మీదే రాసి ఉంటుంది. పరిహారం కూడా రాదు. కానీ గొడవ మొదలవక ముందే, తేదీతో సహా, మీ మాట ఒక ప్రభుత్వ రికార్డులోకి ఎక్కుతుంది. మీలాంటివాళ్ల రిపోర్టులు కలిస్తేనే హెచ్చరికలు పుడతాయి. 2023 నవంబరు చివర్లో మెఫెనమిక్ యాసిడ్ గురించి ఆ సంస్థ ఇచ్చిన హెచ్చరిక అలా వచ్చిందే. నెలసరి నొప్పికి, జ్వరానికి ఇంటింటా వాడే ఆ మందు డ్రెస్ సిండ్రోమ్ అనే తీవ్రమైన అలర్జీకి దారి తీయొచ్చని, దద్దుర్లు, జ్వరం, గ్రంథుల వాపు కనిపిస్తే గమనించాలని చెప్పింది.

హానికి కారణం ఆ మందేనని ఎలా నిరూపించాలి?

వాడిన తర్వాత వచ్చింది కాబట్టి దానివల్లే వచ్చింది అంటే మీ కేసు వినే వినియోగదారుల కమిషన్ ఒప్పుకోదు. డాక్టర్లు దీనికి నరాంజో స్కేలు వాడతారు. పది ప్రశ్నలుంటాయి. మందు తర్వాతే వచ్చిందా, ఆపితే తగ్గిందా, మళ్లీ ఇస్తే తిరిగొచ్చిందా, వేరే కారణం ఉండొచ్చా, గతంలో ఇలాంటి రిపోర్టులున్నాయా అని సాగుతాయి. మొత్తం 9 లేదా అంతకంటే ఎక్కువైతే కచ్చితం, 5 నుంచి 8 అయితే బహుశా, 1 నుంచి 4 అయితే ఉండొచ్చు. మిమ్మల్ని చూసిన డాక్టరుతో గానీ, రిపోర్టింగ్ కేంద్రంతో గానీ ఈ అంచనా రాయించుకోండి. "బహుశా" స్థాయి ఉన్నా వాదనకు నిలబడుతుంది.

రుజువు కోసం ఆ మందును మళ్లీ వేసుకుని చూడొద్దు. స్టీవెన్స్-జాన్సన్ లాంటి చర్మ రియాక్షన్ వచ్చినవాళ్లకు రెండోసారి ప్రాణం పోవచ్చు.

వైద్య కేసులన్నిటిలో నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని 2010లో వి. కిషన్ రావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. హైదరాబాద్ ఆసుపత్రిలో మలేరియాకు టైఫాయిడ్ వైద్యం చేసిన కేసు అది. కానీ మందు రియాక్షన్ అంత తేటగా కనిపించే విషయం కాదు. ఇక్కడ నిపుణుడి అభిప్రాయం లేకుండా వెళ్లడం ఓడిపోవడానికి సిద్ధపడటమే.

కంపెనీకి ముందే తెలుసని సామాన్యుడు ఎలా చూపించగలడు?

జనం ఇది అసాధ్యమని మొదట్లోనే చేతులెత్తేస్తారు. కేసులో అన్నిటికంటే ఫలితమిచ్చే పని ఇదే, దీనికి అయ్యే ఖర్చూ తక్కువే.

మొదటి దారి, అదే మందుకు విదేశాల్లో ఇచ్చిన కాగితం. అమెరికాలో అమ్మే మందుల కాగితాలు డైలీమెడ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. అందులో పాత ప్రతుల్ని తేదీలతో సహా చూడొచ్చు. బ్రిటన్ కాగితాలు ఈఎంసీ వెబ్‌సైట్‌లో ఉంటాయి. మీరు మందు వాడిన నాటికే అదే కంపెనీ, లేదా దాని మాతృసంస్థ, అక్కడ నల్లగీతల పెట్టెలో హెచ్చరిక వేసి, ఇక్కడ ఆ ఊసెత్తకపోతే "మాకు తెలియదు" అనడానికి దారి లేదు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, తేడా ఉన్న వాక్యాల కింద గీత గీసి, తేదీలతో ఫిర్యాదుకు జతచేయండి. ఈ ఒక్క పేజీని కమిషన్ సభ్యులు శ్రద్ధగా చదువుతారు.

రెండోది, మన ప్రభుత్వమే ఇచ్చిన ఆదేశాలు. షుగర్ మందు పియోగ్లిటాజోన్‌ను 2013 జూన్‌లో కేంద్రం ఆపేసింది. జులై 31న షరతులతో మళ్లీ అనుమతించింది. మూత్రాశయ క్యాన్సర్ ముప్పు గురించి పెట్టె గీసి హెచ్చరించాలి, దీన్ని మొదటి మందుగా వాడకూడదని రాయాలి. ఆ తేదీ తర్వాత ఏ కంపెనీ కాగితంలోనైనా అది లేకపోతే, తెలుసా తెలియదా అన్న వాదనే ఉండదు.

మూడోది, సమాచార హక్కు. కొత్త మందుకు అనుమతి పొందిన కంపెనీ మొదటి రెండేళ్లు ఆరు నెలలకోసారి, తర్వాతి రెండేళ్లు ఏడాదికోసారి భద్రతా నివేదిక ఇవ్వాలి. ముందు ఊహించని తీవ్రమైన దుష్ప్రభావమైతే తెలిసిన 15 రోజుల్లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థకు చెప్పాలి. 2019 కొత్త మందుల నియమాలివి. 10 రూపాయలు కట్టి ఆ సంస్థను ఇలా అడగండి: ఈ మందుకు ఆమోదించిన సమాచార పత్రం నకలు, నివేదికలు అందిన తేదీలు, ఈ దుష్ప్రభావం చేర్చమని కంపెనీకి రాసిన లేఖలు. వాణిజ్య రహస్యమని సమాచార హక్కు చట్టంలోని 8(1)(డి) సెక్షన్ చూపించి నిరాకరిస్తారు. ఆ నిబంధనలోనే విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలని ఉంది. దాన్ని ఎత్తిచూపుతూ 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయండి. నివేదిక మొత్తం రాకపోయినా, తేదీలు వస్తే చాలా ఉపయోగం.

ఎక్కడ వేయాలి? ఫీజెంత? లాయరు తప్పనిసరా?

కంపెనీ ఎక్కడున్నా, మీరు ఉండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లో వేయొచ్చు. ఏ స్థాయి కమిషన్ అన్నది మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాదు, మందుకు చెల్లించిన ధరను బట్టి. 50 లక్షల దాకా జిల్లా కమిషనే. కాబట్టి 300 రూపాయల మందు మీద 40 లక్షల పరిహారం అడిగినా జిల్లా కమిషన్‌కే వెళ్తారు. చెల్లించిన ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు.

ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా దాఖలు చేయొచ్చు. ముందుగా రెండు కంపెనీలకూ స్పీడ్ పోస్టులో నోటీసు పంపి 15 లేదా 30 రోజులు గడువివ్వడం మంచి పద్ధతి. కేసు నోటీసు అందాక కంపెనీ 30 రోజుల్లో జవాబివ్వాలి, మరో 15 రోజుల దాకా కమిషన్ పొడిగించవచ్చు. మొత్తం 45 రోజులు దాటితే జవాబు తీసుకోకూడదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఆ తేదీలు మీరే లెక్కపెట్టుకోండి. లాయరు తప్పనిసరి కాదు. కానీ ప్రాణనష్టం, శాశ్వత వైకల్యం ఉన్న కేసుల్లో పెట్టుకోవాలనే మా సలహా.

గడువెంత?

కారణం ఏర్పడినప్పటి నుంచి రెండేళ్లు. ఆలస్యానికి తగిన కారణం చూపిస్తే కమిషన్ మన్నించవచ్చు. హాని మందు వల్లేనని తెలిసిన రోజు ఆలస్యంగా వచ్చి ఉంటే, అది తెలిపే కాగితం తేదీతో సహా పెట్టండి, ఆలస్యం మన్నించమనే దరఖాస్తును కూడా జతచేయండి. కంపెనీతో ఈమెయిళ్లు నడుస్తున్నాయి కదా అని ఆగొద్దు. ఆ మాటలతో గడువు ఆగదు.

ఎంత పరిహారం వస్తుంది?

ఫలానా అంత అని చెప్పేవాళ్లను నమ్మకండి. వైద్య ఖర్చులు, పోయిన సంపాదన, ఇక ముందు చికిత్స ఖర్చు, మానసిక వేదన విడివిడిగా లెక్క వేసి, ప్రతిదానికీ కాగితం జతచేయాలి. శిక్షగా అదనపు పరిహారం వేసే అధికారం కూడా కమిషన్‌కు ఉంది. దాచిపెట్టారని రుజువైతే దాన్ని తప్పకుండా అడగాలి. అడగకపోతే రాదు. జిల్లా కమిషన్ తీర్పు మీద కంపెనీ 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు వెళ్లొచ్చు, అప్పుడు తీర్పు సొమ్ములో సగం ముందు కట్టాలి.

ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇచ్చిన మందైతే?

డబ్బు ఇవ్వలేదు కాబట్టి వినియోగదారుడు కాదన్న అభ్యంతరం వస్తుంది. అందుకే సివిల్ కోర్టు, లేదా ప్రభుత్వం మీద హైకోర్టులో రిట్ గురించి లాయరుతో మాట్లాడాలి. ఫార్మకోవిజిలెన్స్ రిపోర్టుకు మాత్రం ఈ తేడా లేదు.

ప్రయోగ దశలో ఉన్న మందు వల్ల హాని జరిగితే?

దారి పూర్తిగా వేరు, రోగికి కొంత మేలైనది కూడా. 2019 నియమాల ప్రకారం ప్రయోగం వల్ల హాని జరిగితే స్పాన్సర్, అంటే ప్రయోగం చేయించే సంస్థ, ఉచిత వైద్యం చేయించాలి, సూత్రం ప్రకారం పరిహారం కట్టాలి. మరణానికి 8 లక్షల మూల మొత్తాన్ని, నియమాల్లో ఇచ్చిన వయసు సంఖ్యతో, ముప్పు సంఖ్యతో గుణించి 99.37తో భాగిస్తారు. హైదరాబాద్‌లో చాలాచోట్ల జరిగే బయో ఈక్వివలెన్స్ పరీక్షలకు (జనరిక్ మందు అసలు మందులాగే ఒంటికి పడుతుందో లేదో చూసేవి) డబ్బు తీసుకుని వెళ్లే ఆరోగ్యవంతులకూ ఈ హక్కు ఉంది. సంతకం పెట్టిన సమ్మతి పత్రం నకలు చేతికి తీసుకోకుండా బయటికి రావద్దు.

ఆ కాగితం విలువేమిటో 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు హెచ్‌పీవీ టీకాలు వేసిన ప్రాజెక్టు చూపించింది. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. బాలికల మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు విచారణలో తేలలేదు. కానీ తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు సమ్మతి సంతకాలు పెట్టినట్టు బయటపడింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దాన్ని తీవ్రంగా తప్పుబట్టింది.

పోలీస్ స్టేషన్‌లో కేసు పెట్టవచ్చా?

లేబుల్ మీద, లేదా మందుతోపాటు ఇచ్చిన కాగితంలో తప్పుదోవ పట్టించే మాట ఉంటే, మందుల చట్టం 17వ సెక్షన్ కింద దాన్ని మిస్‌బ్రాండెడ్ మందు అంటారు. అది నేరం. కానీ ఆ సెక్షన్ ఉన్న అధ్యాయం కింద నేరాలకు పోలీసులు ఎఫ్‌ఐఆర్ కట్టలేరని 2020 ఆగస్టులో అశోక్ కుమార్ శర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. డ్రగ్ ఇన్‌స్పెక్టర్, అధికారం పొందిన గెజిటెడ్ అధికారి, నష్టపోయిన వ్యక్తి, గుర్తింపు పొందిన వినియోగదారుల సంఘం మాత్రమే కోర్టుకు వెళ్లగలరు. కాబట్టి స్టేషన్ చుట్టూ తిరగకుండా జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

కంపెనీ రాజీకి వస్తే?

"పూర్తి, తుది పరిష్కారం" అన్న మాట ఉంటే ఇక ముందు వచ్చే చికిత్స ఖర్చు కూడా అందులోనే కలిసిపోతుంది. లివర్, కిడ్నీ దెబ్బతిన్న కేసుల్లో డాక్టరుతో భవిష్యత్తు ఖర్చు అంచనా రాయించుకోకుండా సంతకం పెట్టొద్దు. ఎవరికీ చెప్పకూడదనే షరతు పెడితే, ప్రభుత్వానికి దుష్ప్రభావం రిపోర్టు చేసే హక్కును అందులోంచి మినహాయించమని అడగండి. మీ తర్వాత అదే మందు వాడేవాళ్లకు దక్కే రక్షణ అదొక్కటే.

అమెరికాలోనో బ్రిటన్‌లోనో వాడిన మందైతే?

కేసు అక్కడి చట్టం కిందే. అమెరికాలో ముందు తేల్చుకోవాల్సింది మీరు వాడింది బ్రాండా, జనరిక్కా అని. ఎఫ్‌డీఏ ఆమోదించిన లేబుల్ ఉన్నంత మాత్రాన బ్రాండ్ కంపెనీ తప్పించుకోలేదని 2009లో వైయెత్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఫెనెర్గాన్ ఇంజెక్షన్ వల్ల గాంగ్రీన్ వచ్చి చెయ్యి కోల్పోయిన సంగీతకారిణి గెలిచిన కేసు అది. రెండేళ్ల తర్వాత ప్లైవా కేసులో జనరిక్ కంపెనీలకు ఊరట దొరికింది. బ్రాండ్ లేబుల్‌నే అచ్చుగుద్దినట్టు వాడాలని చట్టమే చెబుతున్నప్పుడు, హెచ్చరిక మార్చలేదని రాష్ట్ర చట్టాల కింద వాళ్లను బాధ్యుల్ని చేయలేమని కోర్టు అంది. అక్కడి షాపుల్లో అమ్ముడయ్యే మందుల్లో ఎక్కువ భాగం జనరిక్కులే, వాటిలో హైదరాబాద్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల నుంచి వెళ్లేవి ఎన్నో. అందుకే ఫార్మసీ సీసా మీది లేబుల్‌ను తయారీదారు పేరు కనిపించేలా ఫొటో తీసి ఉంచండి. దుష్ప్రభావాన్ని ఎఫ్‌డీఏ నడిపే మెడ్‌వాచ్‌కు 1-800-332-1088 నంబరులో చెప్పొచ్చు. దావా వేసే గడువు రాష్ట్రానికొక తీరు.

బ్రిటన్‌లో 1987 వినియోగదారుల రక్షణ చట్టం కింద సాధారణంగా మూడేళ్లు. ఆ మందు సరఫరాలోకి వచ్చి పదేళ్లు దాటితే ఆ చట్టం కింద హక్కే పోతుంది. అక్కడ దుష్ప్రభావాల రిపోర్టు ఎల్లో కార్డు పథకానికి ఇవ్వాలి.